ఎవరికి ఏ ఊలు

సికిందరాబాదులో చలి ఎక్కడుందని అడిగేవాళ్ళు జనవరిలో తెల్లవారుజామున బొల్లారం దాకా ఒకసారి వెళ్ళి రావాలి. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న రాతి పీఠభూమి మనది. చలికాలంలో ఇక్కడ మబ్బు తక్కువ. పగలంతా వేడెక్కిన నేల, రాత్రి ఆ వేడిని అడ్డూ ఆపూ లేకుండా ఆకాశంలోకి వదిలేస్తుంది. మధ్యాహ్నం 28 డిగ్రీలున్న చోటే తెల్లారేసరికి 13, 14కి దిగుతుంది. అంటే పొద్దున ఆరింటికి వేసుకుని, పదింటికి తీసెయ్యాల్సిన బట్ట కావాలన్నమాట. కాశ్మీరు స్వెట్టరు ఇక్కడ అక్కర్లేదు. ముందువైపు బొత్తాలుండి, తేలిగ్గా ఉండి, గాలిని పట్టి ఉంచేది చాలు.

ఈ మాట ఎందుకంటే, మా మనవరాలు ఈ సంక్రాంతికి ఇంట్లో అందరికీ తన చేత్తో అల్లినవే ఇస్తానంటోంది. వాళ్ళ అమ్మమ్మకు శాలువా, స్కూటరు మీద డ్యూటీకి వెళ్ళే మామయ్యకు స్వెట్టరు, తమ్ముడికి ఇంకో స్వెట్టరు, నవంబరులో పురుడు పోసుకోబోయే పిన్ని బిడ్డకు టోపీ, మేజోళ్ళు. "అల్లడం అమ్మమ్మ నేర్పుతుంది, ఊలు సంగతి నువ్వు చెప్పు తాతయ్యా" అంది. అలా చెప్పిన కబుర్లే ఇవి.

ఉన్ని మనకు కొత్తదేమీ కాదమ్మలూ. తెలంగాణలో కురుమలు తరతరాలుగా దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని కత్తిరించి, వడికి, గుంట మగ్గం మీద గొంగడి నేస్తున్నారు. చింతగింజల గంజి పట్టించి దాన్ని గట్టిపరుస్తారు. వానలో కాపరి తల మీదుగా కప్పుకునేది అదే, రాత్రి పరుచుకునేదీ అదే. గొంగడిది నేత. అందులో పడుగు, పేక అని రెండు వరసల దారాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. నువ్వు రెండు సూదులతో చేసేది వేరు. ఒకే దారం మెలికలు తిరుగుతూ, ముందు వరస మెలికలోంచి దూరుతూ, మొత్తం బట్ట అవుతుంది.

ఈ సూదుల అల్లిక మన ఊరికి కంటోన్మెంటు వెంట వచ్చిందని నా ఊహ. మూడో నిజాం సికిందర్ జా పేరు మీద 1806లో వెలిసిన ఊరిది. తెల్ల పటాలాల కుటుంబాలు, ఆంగ్లో ఇండియన్ ఇళ్ళు, కాన్వెంటు బడులు, రైల్వే క్వార్టర్లు, ఇవన్నీ ఉన్న చోట సూదీ ఊలూ లేకుండా ఎలా ఉంటాయి? 1966లో దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం ఇక్కడ పెట్టాక, సైన్యంలో ఎలాగూ ఉత్తరాదివాళ్ళు ఉండనే ఉన్నారు కాబట్టి, పక్కింటి పంజాబీ అమ్మ దగ్గర సీదా, ఉల్టా కుట్లు నేర్చుకున్న తెలుగు ఇల్లాళ్ళు చాలామందే ఉన్నారు. గోదావరి వైపు దారి వేరు. నరసాపురం ఆడవాళ్ళు నూలు దారంతో, ఒంటి కొక్కెంతో అల్లే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొక్కెం అల్లికలో ఏ కుట్టుకా కుట్టు ముగిసిపోతుంది. సూదుల అల్లికలో వరస మొత్తం సూది మీద తెరుచుకునే ఉంటుంది. సూది జారిందా, కుట్లన్నీ విడిపోతాయి. కానీ దాని బలం కూడా అక్కడే ఉంది.

ముందు దారం సంగతి చూద్దాం. ఉన్ని పోగు నీ జుట్టులో, నీ గోరులో ఉన్న కెరటిన్ అనే ప్రోటీనే. దాని అణువులు మెలికలు తిరిగిన గొలుసులు. 1930లలో ఇంగ్లండులోని లీడ్స్‌లో విలియం ఆస్ట్‌బరీ ఉన్ని పోగును తడిపి, సాగదీసి, ఎక్స్ కిరణాలతో చూశాడు. సాగని పోగులో ఒక అమరిక, సాగిన పోగులో ఇంకో అమరిక కనిపించాయి. సాగని అమరిక అచ్చంగా ఎలాంటి మెలికో 1951లో లైనస్ పాలింగ్ బృందం తేల్చింది. లాగితే ఆ మెలికలు విప్పుకుంటాయి, వదిలితే మళ్ళీ చుట్టుకుంటాయి. గొలుసుల మధ్య గంధకపు బంధాలు గట్టివి, అవి అంత తేలిగ్గా తెగవు. హైడ్రోజన్ బంధాలు మెత్తనివి, నీళ్ళు తగిలితే విడిపోయి, ఆరాక కొత్త చోట కుదురుకుంటాయి.

ఇది నీకు ఎక్కడ పనికొస్తుందో తెలుసా? తమ్ముడి పాత స్వెట్టరు విప్పి, ఆ ఊలుతోనే కొత్తది అల్లుదామంటున్నావు కదా. విప్పిన దారం చూడు, అంతా వంకర్లు. కుట్టు ఆకారం దానికి అంటుకుపోయింది. అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. అందుకని కుర్చీ వీపుకు చుట్టి చిలపలు చెయ్యి. నాలుగు చోట్ల వదులుగా దారం ముక్కతో కట్టు, లేకపోతే చిక్కుపడుతుంది. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నాననిచ్చి, పిండకుండా నీళ్ళు ఒత్తేసి, దండెం మీద వేలాడదీసి, కిందివైపు చిన్న చెంబో, చెంచాల కట్టో బరువు కట్టు. తడిసినప్పుడు మెత్తని బంధాలు వీడతాయి, బరువు దారాన్ని తిన్నగా లాగుతుంది, ఆరేటప్పుడు ఆ తిన్నదనంలోనే బంధాలు మళ్ళీ పడతాయి. మర్నాటికి దారం దాదాపు కొత్తదే. నేసిన చొక్కాను ఇలా విప్పి మళ్ళీ దారం చేయలేం. అల్లిన స్వెట్టరులో అసలు ముడే లేదు. గణితం ప్రకారం చివరి కొస లాగితే మొత్తం తిన్నని దారంగా వచ్చేయాలి, వస్తుంది కూడా. పిల్లలు ఏటా పెరిగే ఇంట్లో ఇంతకన్నా పొదుపైన బట్ట నాకు తెలీదు.

ఇప్పుడు వెచ్చదనం. స్వెట్టరు వేడి పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. దాని అసలు పని గాలిని కదలకుండా పట్టి ఉంచడం. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా పోనిస్తుంది. నీళ్ళు దానికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా పోనిస్తాయి. ఉన్ని పోగు పుట్టుకతోనే వంకర్లది కాబట్టి, పోగులు ఒకదానికొకటి అంటుకోవు. మధ్యలో గాలి నిలుస్తుంది. బిగించి బరువుగా అల్లితే వెచ్చగా ఉంటుందనుకోకు, గాలికి చోటే ఉండదు.

అయితే మామయ్య విషయంలో ఒక చిక్కుంది. స్కూటరు మీద గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగాలి ఆ కుట్ల సందుల్లోంచి దూరి, నిలిచి ఉన్న వెచ్చని గాలిని ఊడ్చేస్తుంది. ఎంత మంచి స్వెట్టరైనా అంతే. అందుకని మామయ్యది పలచగా, ఒంటికి దగ్గరగా అల్లు. దాని మీద గాలి చొరని పలచని జాకెట్టు వేసుకోమను. లోపల గాలిని పట్టేది, బయట గాలిని ఆపేది, రెండూ ఉంటేనే ట్యాంక్‌బండ్ మీద పొద్దున ఆరింటికి ఛాతీకి చలి తగలదు.

ఉన్ని నిజంగానే కొంచెం వేడి పుట్టించే సందర్భం ఒకటుంది. అది నాకు ఎంతో ఇష్టమైన లెక్క. ఉన్ని పోగు పైపొర కొవ్వు పదార్థం వల్ల నీటి బొట్టును జారవిడుస్తుంది, గొంగడి వాన ఆపేది అందుకే. లోపలి భాగం మాత్రం నీటి ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో దాదాపు మూడోవంతు తేమ పీల్చినా పట్టుకుంటే పొడిగానే ఉంటుంది. ఆవిరి అలా పోగులో చేరినప్పుడు గ్రాముకు దాదాపు 2500 జౌళ్ళ వేడి బయటికి వస్తుంది. 300 గ్రాముల స్వెట్టరు పొడి గదిలోంచి మంచు పట్టిన వీధిలోకి వచ్చి 30 గ్రాముల తేమ తీసుకుందనుకో. 75 వేల జౌళ్ళు. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు సెకనుకు దాదాపు 100 జౌళ్ళు వదులుతుంది. అంటే పన్నెండు నిమిషాలకు పైగా ఒళ్ళు వదిలే వేడిని స్వెట్టరే మెల్లగా ఇచ్చిందన్నమాట. ఆక్రిలిక్ అనే కృత్రిమ దారం ఈ పని చేయలేదు. దానికి తేమ పీల్చే గుణం ఒకటి రెండు శాతానికి మించదు.

చలికాలంలో జంటనగరాల్లో టిబెటన్లు పెట్టే దుకాణాల్లోనూ, జనరల్ బజారులోనూ దొరికే దాంట్లో చాలా భాగం ఆక్రిలిక్కే. దాన్ని చిన్నచూపు చూడను. చవక, రంగులు బాగుంటాయి, పురుగు పట్టదు, మిషన్లో ఉతకొచ్చు. తమ్ముడికి అదే మంచిదని కూడా అంటాను, వాడు వారానికి నాలుగుసార్లు మట్టి చేసుకొస్తాడు కాబట్టి. కానీ దీపావళికి మాత్రం అది వేసుకుని కాకరపువ్వొత్తులు కాల్చనివ్వకు. ఉన్నికి నిప్పంటుకోవడమే కష్టం, అంటుకున్నా నిప్పు తీసేస్తే చాలావరకు ఆరిపోతుంది. ఆక్రిలిక్ కరిగి, మండుతూ చర్మానికి అంటుకుంటుంది. నిజంగా ఉన్నేనా కాదా అని అనుమానమొస్తే చిన్న పోగు పళ్ళెంలో పెట్టి పెద్దవాళ్ళ చేత వెలిగించి చూడు. ఉన్నికి జుట్టు కాలిన వాసన వస్తుంది, నలిపితే పొడి అయిపోతుంది. ఆక్రిలిక్ గట్టి నల్ల పూసగా మిగులుతుంది.

అమ్మమ్మ శాలువాకు ఏం కావాలి? ఆవిడ ఊలు ఒంటికి పడదంటుంది. చాలామందికి అది పడకపోవడం కాదు, గుచ్చుకోవడం. పోగు కొస చర్మాన్ని తాకినప్పుడు సన్నదైతే వంగిపోతుంది, లావుదైతే వంగకుండా నరాన్ని పొడుస్తుంది. వంచడానికి కావలసిన బలం పోగు మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 మైక్రాన్ల పోగు కన్నా 30 మైక్రాన్ల పోగు ఒకటిన్నర రెట్లు లావు, కానీ వంగకుండా నిలబడే శక్తి అయిదు రెట్లు. ఇంచుమించు ఆ 30 దగ్గరే దురద మొదలవుతుంది. మెరినో గొర్రె ఉన్ని 20 దగ్గర ఉంటుంది. మన దక్కనీ ఉన్ని లావుది, గొంగడికీ తివాచీకీ దివ్యంగా ఉంటుంది, మెడ చుట్టూ వద్దు. అమ్మమ్మకు రెండు ఉండలు తక్కువైనా సరే, మెరినో కొను. డబ్బు పెట్టాల్సిన చోటు అదే.

కుట్టు విషయం ఇంకా విచిత్రం. దారం ఏమాత్రం సాగనిదైనా అల్లిన బట్ట సాగుతుంది. మెలిక ఆకారం మారుతుంది, పొడవు తగ్గి వెడల్పు పెరుగుతుంది, అంతే. సీదా కుట్టు ముందుకు ఉబ్బితే ఉల్టా కుట్టు వెనక్కి తగ్గుతుంది, అసలు ఒకే కుట్టును ముందునుంచీ వెనకనుంచీ చూడటమే అది. ఆ రెంటిని ఎలా పేరుస్తావన్న దాన్నిబట్టి గుణం మారిపోతుంది. అన్ని వరసలూ సీదా అల్లితే నిలువుగా బాగా సాగుతుంది. రెండు సీదా, రెండు ఉల్టా నిలువు గీతలుగా అల్లితే అడ్డంగా సాగుతుంది, స్వెట్టరు బోర్డరు అదే. ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా వేస్తే నున్నగా వస్తుంది కానీ పక్కలు వెనక్కీ, పైనా కిందా ముందుకీ చుట్టుకుపోతాయి. వంచిన దారం తిన్నబడాలని చూస్తుంది, ముందూ వెనకా వంపు సమానంగా లేదు, అదీ కారణం. 2024లో అమెరికాలోని జార్జియా టెక్‌లో ఎలిజబెట్టా మాట్సుమోటో బృందం ఇలాంటి నాలుగు అల్లికల్ని లాగి కొలిచి, కంప్యూటరులో లెక్కగట్టి, దారం అదే ఉన్నా కుట్ల అమరిక మార్చి సాగుడును ముందే అనుకున్నట్టు మలచొచ్చని చూపించింది. మన అమ్మమ్మలు చేతితో తెలుసుకున్నదాన్ని వాళ్ళు సమీకరణంలో పెట్టారు. రెండింటినీ గౌరవిస్తాను. అమ్మమ్మ శాలువా అన్నీ సీదాలే వెయ్యి, చుట్టుకుపోదు. తమ్ముడి చేతులకూ నడుముకూ బోర్డరు వెడల్పుగా పెట్టు.

మొదలుపెట్టే ముందు మాత్రం అరచేయంత నమూనా ముక్క అల్లి, కొలిచి తీరాలి. అందరూ బద్ధకించేది ఇక్కడే. మామూలు ఊలుతో 4 మిల్లీమీటర్ల సూదుల మీద 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, నిలువుగా 28 వరసలు వస్తాయనుకో. నీ చెయ్యి కాస్త వదులైతే 20 కుట్లే రావచ్చు. రెండు కుట్లే కదా అనిపిస్తుంది. 200 కుట్ల స్వెట్టరు మొదటి లెక్కన 91 సెంటీమీటర్ల చుట్టుకొలత, రెండో లెక్కన 100. మామయ్య స్వెట్టరు తాతయ్యకు సరిపోతుంది. ఇంకో లెక్క కూడా చెబుతాను. పెద్దవాళ్ళ స్వెట్టరు వైశాల్యం దాదాపు ఒక చదరపు మీటరు. 22ను 28తో గుణించి, ఆ వచ్చినదాన్ని 100తో గుణించు. 60 వేలకు పైగా కుట్లు. కిలోమీటరు పొడుగు దారం నీ వేళ్ళ మధ్యగా నడవాలి. కాబట్టి నవంబరు దాకా కూర్చోకుండా ఇప్పుడే మొదలెట్టు.

ఉతకడం. ఉన్ని పోగు మీద పొలుసులు ఉంటాయి, ఇంటి కప్పు మీది పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి, అన్నీ ఒకే దిక్కుకు. మొదలు నుంచి కొసకు నిమిరితే నున్నగా, వెనక్కి నిమిరితే గరుగ్గా ఉంటుంది. వేడి నీళ్ళు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే పోగులు ఒకే దిక్కుకు జరుగుతూ పోయి, పొలుసులు ఇరుక్కుని వెనక్కి రాలేవు. స్వెట్టరు బొమ్మ సైజుకు వస్తుంది, దానికి మందు లేదు. డిటర్జెంటు పొడుల్లో మరకల కోసం ప్రోటీన్ కొరికే ఎంజైములు కలుపుతుంటారు, ఉన్నీ ప్రోటీనే కాబట్టి దాన్నీ కొరుకుతాయి. మన ఇంట్లో కుంకుడుకాయ ఉంది. దాని రసంలోని సాపోనిన్లు మురికిని వదిలిస్తాయి, క్షారం ఉండదు. చల్లని నీళ్ళలో ముంచి, ఒత్తి, తువాలులో చుట్టి, నీడలో నేల మీద పరిచి ఆరబెట్టు. దండెం మీద వేస్తే నీటి బరువుకు మెలికలు సాగి చేతులు మోకాళ్ళ దాకా వస్తాయి.

ఇక పిన్ని బిడ్డ. ఇది నువ్వు జాగ్రత్తగా వినాలి బంగారూ, అమ్మకూ పిన్నికీ కూడా చెప్పాలి. తమ్ముడి చిన్నప్పటి ఊలు బట్టలు పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేసి దాచారు. పురుగు కెరటిన్ తింటుంది కాబట్టి అలా దాచడం మామూలే. కానీ ఆ బట్టలు తీసి తిన్నగా పసిబిడ్డకు తొడగకూడదు. కొంతమంది పిల్లలకు పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము తక్కువ ఉంటుంది. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది, మగపిల్లల్లో ఎక్కువ కనిపిస్తుంది. నాఫ్తలీన్ ఆవిరి పీల్చినా, చర్మం గుండా వెళ్ళినా వాళ్ళ ఎర్ర రక్తకణాలు పగిలిపోయి తీవ్రమైన కామెర్లు వస్తాయి, మెదడుకు ముప్పు. చూడ్డానికి బిడ్డ మామూలుగానే ఉంటుంది కాబట్టి ముందు తెలియదు. ఉతికి ఆరబెట్టినా నాకు భయమే. ఆ వాసన పట్టిన బట్టలు బిడ్డ దగ్గరికి పోనివ్వవద్దు, కొత్తగా అల్లు. ఇకముందు ఊలు బట్టలు శుభ్రంగా ఉతికి, బాగా ఆరబెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడదాం. చెమట, నూనె మరకలున్న ఉన్ని అంటేనే పురుగు లార్వాలకు ఎక్కువ ఇష్టం.

మేజోళ్ళు, చేతి తొడుగులు అల్లాక తిరగేసి లోపల చూడు. వేలాడే పోగు ఒక్కటి ఉన్నా పసివాళ్ళ వేలికి చుట్టుకుని రక్తం ఆపేస్తుంది. బిడ్డ ఎందుకేడుస్తోందో ఎవరికీ అంతుబట్టదు, వేలు కమిలిపోతుంది. కొసలన్నీ కుట్ల మధ్యకు దూర్చి కత్తిరించు. రిబ్బను, పూస, ఊలు బంతి ఏవీ వద్దు, నోట్లోకి పోతాయి.

టోపీ ఎందుకు అవసరమో చెప్తాను. పెద్దవాళ్ళ ఒంటి మీద తల వాటా తొమ్మిది శాతం, పసిబిడ్డకు అది దాదాపు రెట్టింపు. వాళ్ళు మనలా వణికి వేడి పుట్టించుకోలేరు, మెడ వెనకా భుజాల మధ్యా ఉండే ప్రత్యేకమైన కొవ్వును కరిగించి వేడి తెచ్చుకుంటారు. అందుకే పుట్టిన వెంటనే ఒళ్ళు తుడిచి టోపీ పెడతారు. అదే బిడ్డ ఇంట్లో వెచ్చగా నిద్రపోయేటప్పుడు టోపీ తీసెయ్యాలి. వేడి ఎక్కువైనా ప్రమాదమే, ఆ వేడి పోవాల్సిన దారి తలే. పైగా జారి ముక్కు మీదికి రావచ్చు.

ఇక లెక్క. పుట్టినప్పుడు తల చుట్టుకొలత 34 సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. టోపీ జారకుండా నిలవాలంటే పదోవంతు తగ్గించాలి, 30.6. సెంటీమీటరుకు 2.2 కుట్లు కాబట్టి 67. రెండు సీదా, రెండు ఉల్టా బోర్డరుకు నాలుగుతో భాగింపబడాలి, అంటే 68. కానీ నువ్వు ఇచ్చేది సంక్రాంతికి. అప్పటికి రెండు నెలల బిడ్డ, తల 39 దాకా వస్తుంది. పదోవంతు తీస్తే 35, కుట్లు 77. నాలుగుతో భాగింపబడేలా 76 వేయొచ్చు, 80 వేయొచ్చు. పెరిగే బిడ్డ, సాగే బోర్డరు. 80 ఎక్కించు.